పిల్లల కోసం మాట డబ్బా పెట్టాను, నాలుగు వారాలకే ఖాళీ. ఎక్కడ తప్పు చేశాను?

సంగటి ముద్ద · శనివారం, రాత్రి 9:10

అందరికీ నమస్కారం. ఆదోని డివిజన్‌లో ఒక ప్రాథమిక పాఠశాలలో ఎస్‌జీటీగా చేస్తున్నాను. ఒకటి నుంచి ఐదు వరకు 64 మంది పిల్లలు, ఇద్దరం టీచర్లం. సారు నాకంటే సీనియర్, హెచ్‌ఎం బాధ్యత కూడా ఆయనదే.

ఈ ఏడాది బడి గురించి పిల్లలేమనుకుంటున్నారో వాళ్లనే అడుగుదామనిపించింది. ఖాళీ పాలపొడి డబ్బా మూతకు చీలిక కోసి వరండా కిటికీ ఊచకు కట్టాను. పక్కనే కాగితం ముక్కలు, దారం కట్టిన పెన్సిలు. "బడి గురించి ఏమైనా రాసి వేయండి, పేరు అక్కర్లేదు" అని చెప్పాను.

మొదటి వారం 41 చీటీలు వచ్చాయి! ఇంటికి తీసుకెళ్లి మంచం మీద పరిచి మా ఆయనకు కూడా చదివి వినిపించాను. కొన్ని ఉన్నదున్నట్టు రాస్తున్నాను:

"కొళాయి నాకు అందదు"
"బాత్రూం గడియ పైన ఉండాది. తలుపు పట్టుకోను ఎవురన్నా రావల్ల"
"అన్నం ముద్ద అయితాంది"
"ఐదోతరగతోళ్లు బంతి ఇయ్యరు"
"మేడం పచ్చ చీర బాగుండాది"

ఒక చీటీలో అక్షరం లేదు, కుక్క బొమ్మ ఒకటే ఉంది. నాలుగు కాళ్లూ ఒకే వైపు.

రెండో వారం 19 వచ్చాయి. మూడో వారం 6. నిన్న తెరిస్తే ఒక చాక్లెట్ కాగితం. "వాళ్లకు బోరు కొట్టింది మేడం, అంతే" అంటారు సారు. నాకెందుకో అది కాదనిపిస్తోంది. ఇలాంటిది ఎవరైనా చేసి ఉంటే చెప్పండి.

ఉగ్గాని బజ్జి · రాత్రి 9:31

మా ఆఫీసులోనూ ఒక పెట్టె ఉంది మేడం. దాని తాళంచెవి ఎవరి దగ్గరుందో కనుక్కోమని ఎవరో ఆ పెట్టెలోనే చీటీ వేశారట.

హంద్రీ గట్టు · రాత్రి 9:48

నేను కూడా టీచర్నే, కర్నూలు టౌన్. ఒక్క ప్రశ్న అడుగుతాను, ఏమనుకోవద్దు. ఆ 41 చీటీల్లో ఎన్నిటికి జవాబు చెప్పారు?

సంగటి ముద్ద · రాత్రి 10:02

నిజం చెప్పాలంటే ఒక్కదానికీ లేదు. అన్నీ ఒక రిజిస్టర్లో అతికించి పెట్టాను. కొళాయి సంగతి సారుతో అన్నాను, చూద్దాం అన్నారు. ఆ తర్వాత ఆన్‌లైన్ పనులు, ట్రైనింగ్... మీకు తెలియనిదేముంది.

హంద్రీ గట్టు · రాత్రి 10:20

తెలుసు మేడం, తప్పుపట్టడం లేదు. నేను ఇంతకంటే ఘోరం చేశాను.

రెండేళ్ల కిందట మా బడిలో మంత్రివర్గం పెట్టాం. ఓట్లు, బ్యాలెట్ పేపర్లు, వేలికి ఇంకు, అన్నీ అసలు ఎన్నికల లాగే. ప్రధానమంత్రి, ఆరోగ్య మంత్రి, భోజన మంత్రి అని బ్యాడ్జీలు కుట్టించాం. ప్రమాణ స్వీకారం ఫొటోలు గ్రూపులో పెడితే ఒకటే చప్పట్లు. ఆ తర్వాత ఆరోగ్య మంత్రి ఏడాదంతా చేసిన పని ఏమిటో తెలుసా? సోమవారం పిల్లల గోళ్లు చూడటం. భోజన మంత్రి గ్లాసులు లెక్కపెట్టాడు. అవి మేం చెప్పిన పనులు, వాళ్లు తేల్చుకున్నవి కావు. మరుసటి ఏడు ఎన్నికలంటే ఎవరూ నామినేషన్ వేయలేదు. "మంత్రి అయితే పని ఎక్కువ సార్, ఆటకు టైం ఉండదు" అన్నాడు పాత భోజన మంత్రి.

మీ పిల్లలు 41 సార్లు మాట్లాడారు, అటు నుంచి ఉలుకూ పలుకూ లేదు. మనమైతే రెండో ఉత్తరం రాస్తామా?

పాత హెడ్మాస్టర్ · ఆదివారం, ఉదయం 6:40

36 ఏళ్ల సర్వీసు. కడప జిల్లా. నా మాట కొందరికి నచ్చకపోవచ్చు.

రెండో తరగతి పిల్లవాడికి ఇంకా ఒత్తులు రావు, వాడిని బడి నడపడం గురించి అడుగుతారా? ముందు చదవడం, రాయడం, ఎక్కాలు. పిల్లలకు ఏది మంచిదో పెద్దలు చూసుకోవాలి. అడిగితే రోజూ ఆటలే కావాలంటారు. పైగా ఈ అలవాటు ముదిరితే "సార్ చెప్పింది మాకు నచ్చలేదు" అని తరగతిలో లేచి నిలబడతారు. పదిమందిలో ఒక టీచరు మర్యాద పోవడానికి అదొక్కటి చాలు.

మేడం ఉద్దేశం మంచిదే, కాదనను.

బుడ్డల చేను · ఉదయం 7:15

పెద్దాయనకు నమస్కారం. నేను టీచర్ని కాను, కళ్యాణదుర్గం పక్క రైతును, మా ఊరి బడి పేరెంట్స్ కమిటీలో ఉన్నాను. ఆ 41 చీటీల్లో ఆటల గురించి ఎన్ని ఉన్నాయో చూడండి సార్. మేడం రాసిన వాటిలో ఒక్కటే, అదీ బంతి ఇవ్వడం లేదని. మిగతావి నీళ్లు, బాత్రూం, అన్నం. అసలు మా కమిటీ మాట్లాడాల్సినవి అవే. మేం మీటింగులో ఏం మాట్లాడతామో చెప్పమంటారా? తీర్మానం పుస్తకం ఏ పేజీలో సంతకం పెట్టాలో.

ఇంకో సంగతి. మా చిన్నోడు మూడో తరగతి. ఒకరోజు బడిలో "సార్, సుద్దముక్కలు యాడుండాయి?" అని అడిగాడట. "యాడుండాయి కాదురా, ఎక్కడ ఉన్నాయి అనాలి" అన్నారట సారు. తప్పేం లేదు, పాఠం నేర్పారు. కానీ పక్కనున్నోళ్లు నవ్వారు. ఆ తర్వాత వాడు నెల రోజులు సారును ఏదీ అడగలేదు. ఇంట్లో మాత్రం నోరు మూయడు. సుద్దముక్కలు దొరికాయా అంటే, "నేనే ఎతుక్కున్యా" అన్నాడు.

మేడం, మీరు "ఉండాది", "రావల్ల" అని వాళ్ల రాతను దిద్దకుండా అట్లే పెట్టినారు చూడండి, నాకు అది బాగా నచ్చింది.

పుస్తకాల పురుగు · ఉదయం 10:05

అనంతపురంలో ఎంఈడీ చేస్తున్నాను. హంద్రీ గట్టు గారు చెప్పిన మంత్రివర్గం కథకు ఒక పేరే ఉంది. రోజర్ హార్ట్ అనే ఆయన 1992లో యూనిసెఫ్ కోసం రాసిన వ్యాసంలో పిల్లల భాగస్వామ్యాన్ని 8 మెట్ల నిచ్చెనగా చూపించాడు. కింది మూడు మెట్లూ అసలు భాగస్వామ్యమే కాదంటాడు. పిల్లలను మన అవసరానికి వాడుకోవడం, అలంకారంగా నిలబెట్టడం, పేరుకు మాత్రం అడగడం. బ్యాడ్జీ కుట్టించి గోళ్లు చూడమనడం రెండో మెట్టో మూడో మెట్టో మీరే తేల్చుకోండి సార్, నవ్వొచ్చింది.

పాత హెడ్మాస్టర్ గారికి ఒక మనిషి గురించి చెప్పాలనుంది. జానుష్ కోర్చాక్, పోలండ్ పిల్లల డాక్టరు. వార్సాలో అనాథ పిల్లల ఇల్లు నడిపాడు. అక్కడ పిల్లల కోర్టు ఉండేది, జడ్జీలు పిల్లలే. పెద్దవాళ్ల మీద కూడా కేసు వేయొచ్చు. ఒక ఆరు నెలల్లో తను ఐదుసార్లు ఆ కోర్టు ముందు నిలబడ్డానని ఆయనే రాసుకున్నాడు. మర్యాద పోలేదు సార్. ఆ కోర్టు నియమాల్లో ఎక్కువ భాగం క్షమించడం గురించే. 1926లో పిల్లలే రాసే పత్రిక కూడా మొదలుపెట్టాడు, ఒక దినపత్రికకు అనుబంధంగా వచ్చేది. 1942లో నాజీలు ఆ పిల్లలను ట్రెబ్లింకా మరణ శిబిరానికి తీసుకెళ్తుంటే, తప్పించుకునే దారి ఉన్నా వాళ్లను వదల్లేదు. వాళ్లతోపాటే పోయాడు.

ఇద్దరు పిల్లల అమ్మ · మధ్యాహ్నం 1:22

అందరూ డబ్బా మంచిదంటున్నారు కాబట్టి నేనొక చేదు సంగతి చెప్పాలి.

మా పెద్దమ్మాయి నాలుగో తరగతిలో ఉన్నప్పుడు వేరే ఊళ్లో ఒక ప్రైవేటు బడిలో చదివేది. అక్కడా సలహాల పెట్టె పెట్టారు, పేరు రాయనక్కర్లేదన్నారు. "లెక్కల మిస్ చెవి మెలేస్తారు" అని రాసింది. మా పాప "ళ"కు చివర పెద్ద తోక పెడుతుంది, నాకే నవ్వొస్తుంది ఆ తోక చూస్తే. మరుసటి రోజు ఆ చీటీ పట్టుకుని బెంచీ బెంచీకీ తిరిగి నోటు పుస్తకాలు తెరిపించారు. తోక దొరికింది. అందరి ముందూ నిలబెట్టి, "నేను చెవి మెలేశానా, ఎప్పుడు, చెప్పు" అని అడిగారు. పాప "లేదు మిస్" అంది.

ఇంటికొచ్చి అన్నం తినలేదు. రాత్రి నాకు చెప్పి, "అమ్మా, ళ మామూలుగా ఎట్లా రాయాలి?" అని అడిగింది.

కాబట్టి మేడం, పేరు అక్కర్లేదంటే సరిపోదు. 64 మంది ఉన్న బడిలో చేతిరాత మీకు తెలియకుండా ఉంటుందా?

సంగటి ముద్ద · మధ్యాహ్నం 2:10

అక్కా, ఇది చదివి చాలాసేపు ఏమీ రాయలేకపోయాను. మీరన్నది నిజం. ఆ 41లో ముప్పై దాకా ఎవరివో చూడగానే తెలిసిపోయింది. పచ్చ చీర రాసిందెవరో కూడా.

లా పాయింట్ · సాయంత్రం 5:45

కర్నూలు కోర్టులో ప్రాక్టీసు. చట్టం ఏమంటుందో నాలుగు ముక్కలు చెప్పి తప్పుకుంటాను.

పాత హెడ్మాస్టర్ గారూ, ఇది మేడం సరదా కాదండీ. 2009 విద్యాహక్కు చట్టం 29వ సెక్షన్ పాఠ్యప్రణాళిక ఎలా ఉండాలో చెబుతుంది. పిల్లలు భయం, ఆందోళన లేకుండా ఉండాలి, అభిప్రాయాలను స్వేచ్ఛగా చెప్పేలా తోడ్పడాలి అని అందులో ఉంది. దానికి ముందే 1989 నాటి ఐక్యరాజ్య సమితి బాలల హక్కుల ఒడంబడికలో 12వ అధికరణం ఉంది. తనకు సంబంధించిన విషయాల్లో బిడ్డ మాట వినాలి, వయసునూ పరిణతినీ బట్టి దానికి విలువ ఇవ్వాలి. 1992లో మన దేశం దానికి ఒప్పుకుంది. వయసును బట్టి అన్నారు, గమనించండి. రెండో తరగతి పిల్లవాడిని సిలబస్ తయారుచేయమని ఎవరూ అనలేదు. కొళాయి అందుతుందో లేదో చెప్పడానికి వాడి వయసు చాలు.

చెవి మెలేయడం సంగతి. అదే చట్టం 17వ సెక్షన్ శారీరక శిక్షనూ మానసిక వేధింపునూ నిషేధించింది. అందరి ముందు నిలబెట్టి అడిగారు చూడండి, అదీ వేధింపే.

పేరెంట్స్ కమిటీ గురించి. 21వ సెక్షన్ ప్రకారం సభ్యుల్లో కనీసం నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులు లేదా సంరక్షకులు, మొత్తంలో సగం మంది ఆడవాళ్లు ఉండాలి. మిగిలిన నాలుగో వంతులో విద్యావేత్తలకో బడి పిల్లలకో చోటు ఇవ్వొచ్చని 2010 నాటి కేంద్ర నియమాల్లో ఉంది. "కో" అన్నాక ఎవరికి దక్కుతుందో మీకు తెలుసు.

చివరిది, అన్నింటికన్నా ముఖ్యం. డబ్బా పెట్టాక ఏదో ఒక రోజు అందులో భయంకరమైన చీటీ ఒకటి రావొచ్చు. ఎవరో ముట్టుకుంటున్నారని, ఇంట్లో ఏదో జరుగుతోందని. అది అందరి ముందూ చదివేది కాదు, రిజిస్టర్లో అతికించేదీ కాదు. లైంగిక వేధింపు అని తెలిస్తే, అనుమానం ఉన్నా సరే, 2012 పోక్సో చట్టం 19వ సెక్షన్ కింద పోలీసులకు చెప్పడం తప్పనిసరి. చెప్పకపోతే అది నేరం. మిగతా ఇబ్బందులకు పిల్లల హెల్ప్‌లైన్ 1098 ఉంది. ఆ నంబరు డబ్బా మీదే పెద్దగా రాసిపెట్టండి.

ఉగ్గాని బజ్జి · సాయంత్రం 6:30

లాయరు గారు "నాలుగు ముక్కలు" అంటే నాలుగు సెక్షన్లన్నమాట. కానీ చివరి ముక్క కోసం మీకు దండం పెట్టొచ్చు.

మేడం, ఇంతకీ ఆ కుక్క బొమ్మ సంగతేంటి?

సంగటి ముద్ద · సాయంత్రం 6:52

తెలీదండీ. ఎవరో సరదాకు వేశారనుకున్నాను.

హంద్రీ గట్టు · రాత్రి 8:15

సరదా అని తేల్చేయకండి. రాయడం రాని వాళ్లు బొమ్మే వేస్తారు. ఒకటో తరగతిని అడగండి.

నా సలహా ఇది. కొత్త చీటీలు అడగొద్దు. పాత 41 తీసుకుని శనివారం చివరి పీరియడ్ గుండ్రంగా కూర్చోండి. ఎవరు రాశారన్నది పక్కనపెట్టి విషయం మాత్రం మీరే చదవండి. ప్రతిదానికీ మూడింట్లో ఒక జవాబు: చేస్తాం, ఫలానా రోజుకి. చేయలేం, ఇదీ కారణం. మా చేతిలో లేదు, ఫలానావాళ్లను అడుగుతాం. "చూద్దాం" మాత్రం అనొద్దు. ఆ మాటకు అర్థం పిల్లలకు మనకంటే బాగా తెలుసు.

*— నాలుగు వారాల తర్వాత —*

సంగటి ముద్ద · శనివారం, రాత్రి 8:40

అందరికీ మళ్లీ నమస్కారం. ఆలస్యమైంది. జరిగింది జరిగినట్టు చెబుతాను.

సారును ఒప్పించడానికే వారం పట్టింది. చివరికి "మీ ఇష్టం మేడం, నేను కూర్చుంటాను, మాట్లాడను" అన్నారు. అదే చాలనుకున్నాను.

గుండ్రంగా కూర్చున్నాం. డస్టర్ ఎవరి చేతిలో ఉంటే వాళ్లే మాట్లాడాలని పెట్టాను, లేకపోతే ఐదో తరగతి వాళ్లు ఎవరికీ సందివ్వరు. ముందు చీటీలు దాచిపెట్టినందుకు సారీ చెప్పాను. అప్పుడు ఒకడు, "మాకు తెల్సు మేడం, మీరు పారేయలేదు. బీరువాలో పెట్టినారు" అన్నాడు. వాళ్లకు అన్నీ తెలుసు.

మొదట గడియ. అది ఐదు నిమిషాల్లో తేలిపోయింది. వడ్రంగిని పిలిపించి కింద ఇంకో గడియ కొట్టించాం, 70 రూపాయలు. ఏడాదిగా ఆడపిల్లలు జంటగా బాత్రూంకి పోతుంటే కబుర్ల కోసం అనుకున్నాను! ఒకరు తలుపు పట్టుకోవడానికట. తోడు దొరకదని కొందరు పొద్దున్నుంచి నీళ్లే తాగరట.

అన్నం ముద్ద అవడం. దీనికి భయపడ్డాను, ఎందుకంటే వంట చేసే అక్క ఇదే ఊరు, నా మీద కోపం వచ్చిందంటే అయిపోయిందే. చీటీ చదవకుండా, ఇద్దరు పిల్లలను తీసుకుని వంటగదికి వెళ్లి "అక్కా, వీళ్లు వంట ఎట్లా చేస్తారో చూస్తామంటున్నారు" అన్నాను. ఆమె మురిసిపోయింది. అన్నీ చూపించింది. నీళ్లు కొలిచే చెంబు చూపించి, "దీంతో ఇన్ని పోస్తా, ఎప్పట్నుంచో ఇదే లెక్క" అంది. నాలుగో తరగతి పిల్ల నా కొంగు లాగి, "మేడం, ఇప్పుడు బియ్యం సన్నవి కదా" అంది.

అంతే! 2025 జూన్‌లో బడులకు సన్నబియ్యం రావడం మొదలైంది. చెంబు మాత్రం దొడ్డుబియ్యం నాటి లెక్కలోనే ఉంది. అక్కే నవ్వేసింది. ఇప్పుడు అన్నం పొడిపొడిగా ఉంది, సారు కూడా రెండోసారి పెట్టించుకుంటున్నారు.

కుక్క. మీరన్నట్టే ఒకటో తరగతి. మధ్యాహ్నం గోడ సందులోంచి ఒక కుక్క లోపలికి వస్తుంది. ఆ బాబుకు భయం. అది దగ్గరకు రాగానే గుడ్డు దానికి వేసేసి లేచి వెళ్లిపోతున్నాడు. మా రిజిస్టర్లో వాడు రోజూ గుడ్డు తిన్నట్టే ఉంది. సందుకు ముళ్లకంప పెట్టించాం. ఇప్పుడు తింటున్నాడు, పచ్చసొన మాత్రం పక్కన పెడతాడు. అది వేరే కథ.

బంతి. ఇందులో ఓడిపోయాను. ఐదో తరగతి వాళ్లు ఎంతకీ ఒప్పుకోలేదు. "మేం మూడేండ్లు కాసుకున్యాం మేడం, ఇప్పుడు మా వంతు" అన్నారు. వాళ్ల వైపు నుంచి చూస్తే అదీ న్యాయమే అనిపించింది. ఇంకో బంతి కొనాలి.

కొళాయి ఇంకా కాలేదు. దాని గురించి కిందో ప్రశ్న ఉంది.

ఇద్దరు పిల్లల అమ్మ · రాత్రి 9:05

మేడం, వంటగదికి తీసుకెళ్లిన తీరు బాగుంది. ఎవరినీ దోషిని చేయలేదు. చేతిరాత సంగతి ఏం చేశారు?

సంగటి ముద్ద · రాత్రి 9:14

ఇప్పుడు ఎవరి చీటీ వాళ్లే రాయరు అక్కా. ఒకరు చెబితే ఇంకొకరు రాస్తారు, కావాలంటే బొమ్మ. మా ఊళ్లో సగం మంది ఇళ్లలో కన్నడం, కొందరింట్లో ఉర్దూ. వాళ్లు ఏ మాటలో చెప్పినా, తెలిసినవాళ్లు తెలుగులో పెడతారు. దాంతో ఇంకో మేలు జరిగింది. రాసిందెవరో తెలిసినా చెప్పిందెవరో నాకు తెలీదు.

పాత హెడ్మాస్టర్ · రాత్రి 9:50

చెంబు సంగతి చదివి నాలో నేనే నవ్వుకున్నాను. ఆ పిల్లను మెచ్చుకోవాలి.

ఆ రోజు నేను రాసిన దానికి ఒక వెనుక కథ ఉంది. ఎవరికీ చెప్పలేదు. 1987లో అనుకుంటా, మా బడిలో గోడపత్రిక పెట్టాను. డ్రాయింగ్ షీటు మీద పిల్లలు కథలు, పొడుపుకథలు రాసి అతికించేవాళ్లు. ఊళ్లోవాళ్లు కూడా ఆగి చదివేవారు. ఒక నెల ఐదో తరగతి కుర్రాడొకడు నాలుగు పాదాల పద్యం లాంటిది రాశాడు. బస్సు ఆలస్యంగా వస్తుంది, సారు ఇంకా ఆలస్యంగా వస్తాడు అని. గణాలు కుదరలేదు కానీ ప్రాస కుదిరింది. ఆ సారు నా సహోద్యోగి, స్నేహితుడు. వచ్చి చూసి చింపేశాడు. నేను అక్కడే ఉన్నాను, ఏమీ అనలేదు.

మరుసటి నెల షీటు తెల్లగా ఉంది. ఆ పై నెల కూడా. పిల్లలకు ఆసక్తి లేదని రిపోర్టు రాశాను.

మేడం గారి సారు "బోరు కొట్టింది" అన్నారు చూశారా, అక్కడ ఉలిక్కిపడ్డాను.

బుడ్డల చేను · రాత్రి 10:11

సారూ, ఆ పద్యం గుర్తుంటే పెట్టండి.

పాత హెడ్మాస్టర్ · రాత్రి 10:16

గుర్తుంది. పెట్టను. ఆ సారు మనవరాలు ఇక్కడే ఎక్కడో ఉంటుంది.

సంగటి ముద్ద · రాత్రి 10:30

ఇంకో చీటీ గురించి సలహా కావాలి. నిన్న వచ్చింది. "మేము దీపావళి అయినాక సుగ్గికి పోతాము. నా పేరు కొట్టేయద్దు."

బయటివాళ్ల కోసం: మా పక్క కోసిగి, మంత్రాలయం, పెద్దకడుబూరు ఊళ్ల నుంచి పత్తికి, మిరపకాయ కోతలకు గుంటూరు వైపు కుటుంబాలు కుటుంబాలే వలస వెళ్తాయి. దాన్నే సుగ్గి అంటారు. వెళ్తే ఉగాది దగ్గర పడ్డాకే రావడం. పిల్లలను అవ్వల దగ్గర వదిలేస్తారు, లేదా వెంట తీసుకెళ్తారు. సీజనల్ హాస్టళ్లు ఉన్నా, ఆడపిల్లను వదలడానికి చాలామంది ఒప్పుకోరు. చిన్న తమ్ముడుంటే ఇక చెప్పక్కర్లేదు, వాడిని ఎత్తుకునేది ఈ పిల్లే.

లా పాయింట్ · రాత్రి 10:44

విద్యాహక్కు చట్టం 16వ సెక్షన్. ఎలిమెంటరీ చదువు పూర్తయ్యేదాకా ఏ బిడ్డనూ బడి నుంచి తీసేయకూడదు. ఐదు, ఎనిమిది తరగతుల్లో ఫెయిలైతే అదే తరగతిలో ఉంచే వీలు 2019 సవరణతో వచ్చింది కానీ, తీసేయడం ఇప్పటికీ కుదరదు. పేరు కొట్టేయం అని ధైర్యంగా చెప్పొచ్చు.

హంద్రీ గట్టు · రాత్రి 10:58

పేరు ఉంటుంది, సరే. ఆ పిల్ల అడిగింది అదొక్కటే కాదేమో మేడం. తిరిగొచ్చేసరికి తన చోట ఇంకొకరు కూర్చుంటారని, పాఠాలు ముందుకు పోతాయని. ఎక్కడికి వెళ్తుందో కనుక్కోండి. అక్కడి బడిలో నాలుగు నెలలు కూర్చోబెట్టడానికి ఒక ఉత్తరం రాసివ్వొచ్చు, పుస్తకాలు వెంట పంపొచ్చు. అసలు వెళ్లాలని ఉందో లేదో, హాస్టల్లో ఉంటుందేమో ఎవరైనా ఆ పిల్లను అడిగారా?

సంగటి ముద్ద · రాత్రి 11:05

చెప్పిందెవరో తెలీదని ఇందాకే గొప్పగా రాశాను చూడండి. వెళ్లేవాళ్లు 14 మంది ఉంటారు. అందరితోనూ విడివిడిగా మాట్లాడతాను, అప్పుడు ఆ ఒక్కరినీ వేలెత్తి చూపినట్టు ఉండదు. తల్లిదండ్రులతో మాత్రం దీపావళి లోపే మాట్లాడాలి. కూలీలను తీసుకెళ్లే ముకద్దం అడ్వాన్స్ ఇచ్చేశాక ఎవరూ వినరు.

పుస్తకాల పురుగు · రాత్రి 11:12

మేడం, సరిహద్దు దాటితే కర్ణాటకలో పంచాయతీలు మక్కళ గ్రామసభ అని పిల్లల కోసమే గ్రామసభ పెడతాయి. పంచాయతీ వాళ్లు పిల్లల ముందు కూర్చుని జవాబు చెప్పాలి. మీకు బళ్లారి పక్కనే కదా, ఎవరైనా తెలిసినవాళ్లుంటే ఒకసారి చూసి రండి. వలస సంగతి మీ బడి దాటింది, సర్పంచి ముందు పెట్టాల్సిన విషయం.

నాపరాయి · ఆదివారం, ఉదయం 5:50

బేతంచెర్లలో మాకు రాళ్ల వ్యాపారం. పొద్దున లేచి అంతా చదివాను. కొళాయి గురించి ప్రశ్న అన్నారు, అడగనే లేదు మేడం.

సంగటి ముద్ద · ఉదయం 7:20

అయ్యో, సుగ్గి మాటలో పడి మర్చిపోయాను. కొళాయిలు సిమెంటు తొట్టి పైన ఉన్నాయి. కిందికి దించాలంటే పైపులు మార్చాలి, తొట్టి పగలగొట్టాలి. రెండో తరగతి వాళ్లు తొట్టి అంచు మీద పొట్ట ఆనించి వేలాడి తాగుతున్నారు. నిన్న శనివారం పిల్లలనే అడిగాం. "మెట్టు పెట్టండి" అన్నారు. సారు నోరు విప్పింది అప్పుడే, "ఏ ఎత్తు?" అని. పిల్లలు ఇటుకలు తెచ్చి ఒకటి మీద ఒకటి పేర్చి, ఒకటో తరగతిలో అందరికంటే పొట్టి పిల్లను ఎక్కించి చూశారు. రెండు వరసలకు చేయి అందింది, మూడో వరసకు మూతి అందింది. ఐదో తరగతి వాళ్లు మాత్రం మూడు వరసలైతే తమ మోకాళ్లకు తగులుతుందని గొడవ.

నాపరాయి · ఉదయం 7:41

మూడు వరసలంటే తొమ్మిది అంగుళాలు అనుకోండి. గోడ పొడవునా వద్దు, సగానికే పెట్టండి. పెద్దోళ్లు మిగతా సగంలో తాగుతారు. నున్నగా పాలిష్ పట్టిన బండ తీసుకోవద్దు, తడికి జారుతుంది. పాలిష్ లేని గరుకు బండ వేయాలి, అంచులు గుండ్రంగా కొట్టించాలి. తొట్టి పొడవెంత?

సంగటి ముద్ద · ఉదయం 7:44

రేపు పిల్లలతో కొలిపించి చెబుతాను. స్కేలు వాళ్లదే, 30 సెంటీమీటర్లది. కాస్త టైం పడుతుంది.